చేతులూ కుర్చీలూ: కొన్ని జురాంగ్ సంగతులు

సింగపూరు చూడటానికి వచ్చే మన వాళ్ళు జురాంగ్ ఈస్ట్ దాకా రారు. వస్తే గిస్తే పిల్లల్ని సైన్స్ సెంటర్‌కి తీసుకొస్తారు, అది చూపించి మళ్ళీ రైలెక్కుతారు. చూడటానికి ఇక్కడ పెద్దగా ఏమీ లేదు. ఇది పని చేసుకునే వాళ్ళ ఊరు. కానీ ఆడవాళ్ళు ఉద్యోగాల్లోకి ఎలా వచ్చారు, కుర్చీల్లోకి ఎలా వచ్చారు (ఈ రెండూ ఒకటే అనుకునే వాళ్ళు చాలామంది, కావు) అని ఎవరైనా అడిగితే నేను మాత్రం ఈ ఊరినే చూపిస్తాను. ఇరవయ్యేళ్ళకి పైగా ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కాస్త సొంత ఊరి అభిమానం అనుకోండి, ఫరవాలేదు.

1960 దాకా జురాంగ్ అంటే చిత్తడి నేల. మడ చెట్లు, రొయ్యల చెరువులు, అక్కడక్కడా రబ్బరు తోటలు. ఆ బురదని పూడ్చి ఫ్యాక్టరీలు పెడతానని అప్పటి ఆర్థికమంత్రి గో కెంగ్ స్వీ పూనుకుంటే జనం నవ్వారు. మొదటి కొన్నేళ్ళు ఫ్యాక్టరీలు రాకపోయేసరికి దానికి "గో గారి పిచ్చి" అని పేరు కూడా పెట్టారు. 1963లో ఉక్కు కర్మాగారం మొదలైంది. 1968లో జె.టి.సి. అనే సంస్థని పెట్టి ఈ ప్రాంతం బాధ్యత దానికి అప్పగించారు. 1970లలో ఆ సంస్థ తన ఆఫీసు కోసం గుట్టమీద ఓడలాంటి భవనం కట్టుకుంది. జురాంగ్ టౌన్ హాల్ అంటారు, గడియారపు గోపురం ఉంటుంది. 2015లో దాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు.

ఇది అందరూ చెప్పే కథ. ఇందులో గో గారున్నారు, సలహాలిచ్చిన డచ్చాయన విన్సేమియస్ ఉన్నాడు, ఉక్కు ఉంది, ఓడలున్నాయి. ఆడవాళ్ళు కనిపించరు.

జురాంగ్ బురదని పూడుస్తున్న ఆ 1961లోనే సింగపూరు శాసనసభ "విమెన్స్ చార్టర్" అనే చట్టం చేసింది. మే నెలలో ఆమోదించారు, సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ముస్లింలకి వేరే చట్టం ఉంది కనుక వాళ్ళని మినహాయించి మిగతా అందరికీ ఒక మగవాడికి ఒకే భార్య అన్న నియమం పెట్టారు. పెళ్ళి నమోదు చేయించాలన్నారు. అంతకన్నా నాకు నచ్చినవి రెండు చిన్న అంశాలున్నాయి అందులో. పెళ్ళయిన ఆడమనిషి తన ఇంటిపేరు తను ఉంచుకోవచ్చు. భర్తతో నిమిత్తం లేకుండా ఏ వృత్తి అయినా చేసుకోవచ్చు. మన దగ్గర హిందూ వివాహ చట్టం 1955లోనే వచ్చిందనుకోండి. కానీ వృత్తి మాట ఇంత విడమరిచి అందులో లేదు.

ఆ చట్టం ఎవరి పుణ్యాన వచ్చిందీ అంటే చాన్ చోయ్ సియోంగ్ అనే ఆవిడని ముందు చెప్పుకోవాలి. 1959 ఎన్నికల్లో ఓటు వేయడం మొదటిసారి తప్పనిసరి చేశారు. అంటే ఆడవాళ్ళంతా వచ్చి ఓటేయాల్సిందే. పీపుల్స్ యాక్షన్ పార్టీకి ఆ ఓట్లు కావాలి. పార్టీ మహిళా విభాగంలో ఉన్న చాన్, ఆమె తోటివాళ్ళు బహుభార్యత్వం రద్దు చేస్తామని ఎన్నికల వాగ్దానాల్లో పెట్టించారు. 51 స్థానాల సభకి అయిదుగురు ఆడవాళ్ళు గెలిచారు. నలుగురు ఆ పార్టీ వాళ్ళు, ఒకామె ప్రతిపక్షం. ఆనాటికి అది చిన్న సంఖ్య కాదు.

తర్వాత? 1970లో చాన్ చోయ్ సియోంగ్ రాజకీయాల నుంచి తప్పుకుంది. ఆమె వెళ్ళాక పార్లమెంటులో ఒక్క ఆడమనిషి లేదు. ఒకటీ రెండూ కాదు, 1984 దాకా, పద్నాలుగేళ్ళు.

ఇక్కడ కాస్త ఆగాలి. సరిగ్గా ఆ పద్నాలుగేళ్ళలోనే సింగపూరు ఆడవాళ్ళు ఇళ్ళలోంచి బయటికొచ్చి ఫ్యాక్టరీలు నింపారు. 1957 నాటి లెక్కల్లో పనిచేసే వయసు ఆడవాళ్ళలో అయిదుగురిలో ఒకరికి కాస్త ఎక్కువగా పనిలో ఉన్నారు. 1980కల్లా పదిమందిలో నలుగురు దాటారు. బ్రిటిష్ సైన్యం వెళ్ళిపోతున్న రోజులు, దేశానికి ఎగుమతులు కావాలి. విదేశీ కంపెనీలు వచ్చి రేడియోలు, టీవీలు, బట్టలు, చిప్పులు తయారుచేయించాయి. వాటికి సన్నటి వేళ్ళు, ఓపిక, తక్కువ జీతం కావాలి. ఈ మూడూ ఎవరి దగ్గర దొరుకుతాయని అనుకున్నారో వేరే చెప్పక్కర్లేదు.

మా పై అంతస్తులో ఉన్న చైనీస్ ఆంటీ ఆ రోజుల్లో పదిహేడేళ్ళకే పనిలో చేరింది. మైక్రోస్కోపులో చూస్తూ వెంట్రుకకన్నా సన్నని తీగని చిప్పుకి అతికించడం ఆవిడ పని. మూడు షిఫ్టులు. తెల్లవారుజామున కంపెనీ బస్సు వచ్చి బ్లాకు కింద ఆగేదట. "మా లైనులో అందరం ఆడపిల్లలమే. లైను లీడరు కూడా ఆడమనిషే. ఆ పైన సూపర్వైజరు నుంచి అందరూ మగాళ్ళే," అంది ఒకసారి లిఫ్టు దగ్గర. అందులో ఫిర్యాదేమీ లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది. ఆవిడకి అది ఫిర్యాదు చేయాల్సిన సంగతని అప్పట్లో తోచలేదట. జీతం తెచ్చి అమ్మ చేతికిచ్చేది, తమ్ముళ్ళు చదువుకున్నారు. ఆ తమ్ముళ్ళలో ఒకాయన తర్వాత ఒక ఫ్యాక్టరీలో సూపర్వైజరయ్యాడట. ఆ మాట చెప్పి ఆంటీ పకపకా నవ్వింది.

ఈ తక్కువ కూలి సంగతి మన తెలుగువాళ్ళకి ఈ ప్రాంతంలో కొత్తదేమీ కాదు. సింగపూరు వంతెన దాటితే అవతల మలేసియా. అప్పటి మలయా. విశాఖ, శ్రీకాకుళం, గోదావరి జిల్లాల నుంచి వెళ్ళిన మన వాళ్ళు అక్కడ రబ్బరు తోటల్లో, పేరాక్ దిగువన కొబ్బరి తోటల్లో పనిచేశారు. ఆడా మగా కలిసే వెళ్ళారు. 1920లలో ప్రభుత్వం భారతీయ కూలీలకి నిర్ణయించిన రేటు మగవాడికి రోజుకి 50 సెంట్లు, ఆడదానికి 40. ఆర్థిక మాంద్యం వచ్చి 1930లో తగ్గిస్తే 40, 32 అయ్యాయి. లెక్క చూడండి. పెరిగినా తగ్గినా అయిదింట నాలుగు వంతులే. ఎవరో దొర మనసులో పుట్టిన అన్యాయం కాదు ఇది, ప్రభుత్వం కూర్చుని, లెక్కగట్టి, కాగితం మీద పెట్టిన నిష్పత్తి. పాలు కారే చెట్టుకి ఎవరు గాటు పెట్టారో తెలుస్తుందా?

అలాంటి తోటల నుంచే 1943లో చాలామంది ఆడపిల్లలు సుభాష్ బోసు పిలుపు విని రాణీ ఝాన్సీ దళంలో చేరారు. సింగపూరులో వాటర్లూ స్ట్రీట్ దగ్గర వాళ్ళ శిక్షణ శిబిరం ఆ అక్టోబరులో మొదలైంది. నడిపింది డాక్టర్ లక్ష్మీ స్వామినాథన్, పెళ్ళయ్యాక సెహగల్. తోటలో 40 సెంట్ల మనిషి ఇక్కడ తుపాకీ పట్టుకుంది. యుద్ధం అయిపోయాక మళ్ళీ తోటకే వెళ్ళింది.

జురాంగ్‌కి వద్దాం. 1970లలో ప్రభుత్వానికి ఆడవాళ్ళు రెండు చోట్ల కావాలి, ఫ్యాక్టరీలోనూ ఇంట్లోనూ. ఇద్దరు పిల్లలు చాలన్న ప్రచారం 1972లో మొదలైంది. మూడో కానుపుకి జీతంతో సెలవు లేదన్నారు. 1978లో విదేశీ పనిమనుషుల్ని తెచ్చుకునే పథకం వచ్చింది, ఇల్లాలు పనికెళితే ఇల్లెవరు చూస్తారన్న ప్రశ్నకి అది జవాబు. మరుసటి ఏడు, 1979లో, విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకి అమ్మాయిల్ని మూడో వంతుకి మించి తీసుకోకూడదని పరిమితి పెట్టారు. డాక్టరు చదివించడానికి బోలెడు ఖర్చు, పెళ్ళయ్యాక ఆడ డాక్టర్లు పని మానేస్తారు లేదా తగ్గిస్తారు, అని కారణం చెప్పారు.

ఆ "మూడో వంతు" అన్న మాట చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. నేను ఎంసెట్ రాసి ఇంజనీరింగులో చేరినదాన్ని. అప్పటి మన ఆంధ్రప్రదేశ్ కౌన్సెలింగులో ప్రతి వర్గంలోనూ మూడో వంతు సీట్లు అమ్మాయిలకి ఉంచేవారు. తిరుపతిలో 1983లో ప్రత్యేకంగా మహిళా విశ్వవిద్యాలయమే పెట్టారు. మా ఊళ్ళో మూడో వంతు మెట్టు, ఇక్కడ మూడో వంతు కప్పు. అంత సంపన్న దేశంలో, అంత చదువుకున్న ప్రభుత్వం, 2003 చేరికల దాకా ఆ కప్పు అలాగే ఉంచింది. అంటే నేను ఈ దేశంలో దిగిన నాటికి కూడా ఆ నియమం ఉంది. ఇక్కడ అన్నీ మన కన్నా ముందే వచ్చి ఉంటాయని అనుకునే మన వాళ్ళకి ఈ ముక్క తరచూ చెబుతుంటాను.

1983 ఆగస్టులో లీ క్వాన్ యూ తన జాతీయ దినోత్సవ ప్రసంగంలో చదువుకున్న ఆడవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడంలేదు, పిల్లల్ని కనడంలేదు అని వాపోయాడు. మరుసటి సంవత్సరం పట్టభద్రులైన తల్లుల పిల్లలకి బడిలో ప్రవేశానికి ప్రాధాన్యం ఇస్తామన్నారు. చదువుకోని తల్లుల సంగతి? అది అడిగిన వాళ్ళకి, చదువుకున్న తల్లులకి కూడా, ఒళ్ళు మండింది. ఆ పథకం ఎక్కువకాలం నిలవలేదు. కానీ ఆ కోపంలోంచి 1985లో "అవేర్" అనే సంఘం పుట్టింది. 1992లో నామినేటెడ్ సభ్యురాలిగా పార్లమెంటుకి వెళ్ళిన మొదటి స్త్రీ కన్వల్‌జిత్ సోయిన్ ఆ సంఘం మనిషే. పంజాబీ మూలాలున్న ఎముకల డాక్టరు. 1995లో గృహహింస మీద ఆమె సొంతంగా ఒక బిల్లు పెట్టింది. బిల్లు ఓడిపోయింది. అందులోని చాలా అంశాలు మరుసటి ఏడాది విమెన్స్ చార్టర్ సవరణలో కనిపించాయి.

1984 ఎన్నికలు కూడా ఆ గొడవ మధ్యలోనే వచ్చాయి. ముగ్గురు ఆడవాళ్ళు పార్లమెంటుకి గెలిచారు. వాళ్ళలో యూ-ఫూ యీ షూన్ గెలిచింది మా జురాంగ్ యుహువా నుంచి. ఈవిడ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎన్.టి.యు.సి. కార్మిక సంఘంలో ఆడ కార్మికుల మధ్య పనిచేసి వచ్చింది. 2004లో దేశంలో మొదటి మహిళా మేయరు అయింది, అదీ ఈ నైరుతి ప్రాంతానికే. 2001లో జురాంగ్ జట్టులో గెలిచిన హలీమా యాకోబ్ కూడా అంతే. (ఇక్కడ కొన్ని నియోజకవర్గాల్లో నలుగురైదుగురు కలిసి జట్టుగా పోటీ చేస్తారు.) కార్మిక సంఘంలో ఏళ్ళ తరబడి లాయరుగా పనిచేసింది. 2015 దాకా జురాంగ్ జట్టులోనే ఉంది. 2013లో మొదటి మహిళా స్పీకరు, 2017లో మొదటి మహిళా అధ్యక్షురాలు. ఆ ఎన్నికలో పోటీకి అర్హత ఆమె ఒక్కరికే ఉందని తేల్చడంతో ఓటింగే జరగలేదు. ఆవిడ మీద ఎంత గౌరవం ఉన్నా, మొదటి ఆడ అధ్యక్షురాలిని జనం ఎన్నుకుని ఉంటే ఎంత బాగుండేదో అని అప్పుడు చాలామంది అన్నారు. నేనూ అన్నాను.

2006 నుంచి మా యుహువాకి గ్రేస్ ఫు ప్రతినిధి. ఆవిడ ఓడరేవు కంపెనీలో పెద్ద హోదాలో పనిచేసి వచ్చింది, కార్మిక సంఘం దారి కాదు. 2015లో ఒక మంత్రిత్వశాఖకి అధిపతి అయిన మొదటి మహిళ ఆమె. దానికి ముందు 2009లో లిమ్ హ్వీ హ్వా పూర్తి స్థాయి మంత్రి అయిందిగానీ ఆమెది ప్రధాని కార్యాలయం, సొంత శాఖ కాదు. స్వాతంత్ర్యం 1965లో వస్తే మొదటి పూర్తి మంత్రికి 44 ఏళ్ళు, మొదటి శాఖాధిపతికి 50 ఏళ్ళు పట్టింది. బురద పూడ్చి ఫ్యాక్టరీ కట్టడానికి రెండేళ్ళు పట్టింది. 2020 ఎన్నికల్లో 93 స్థానాలకి 27 మంది ఆడవాళ్ళు గెలిచారు.

మా ఊరి రూపురేఖలు మార్చిన జురాంగ్ లేక్ ప్రణాళిక 2008లో వచ్చింది. అప్పుడు పట్టణాభివృద్ధి సంస్థకి అధిపతి చోంగ్ కూన్ హియన్ అనే ఆర్కిటెక్టు. తర్వాత 2010 నుంచి పదేళ్ళు, దేశంలో అత్యధికులు ఉండే ఫ్లాట్లు కట్టే హెచ్.డి.బి.కి కూడా ఆమే అధిపతి. రెండుచోట్లా మొదటి మహిళ. ప్రైవేటు కంపెనీలు దీనికి చాలా వెనక. పెద్ద కంపెనీల బోర్డుల్లో 2010ల మధ్య దాకా పదిమందిలో ఒక ఆడమనిషి కూడా లేదు. ప్రభుత్వం కమిటీలు వేసి వెంటపడ్డాక 2020లలో అయిదుగురిలో ఒకరు దాటారు.

జీతాల సంగతీ ఇలాగే నడిచింది. ఆడ ప్రభుత్వోద్యోగులకి సమాన వేతనం అని 1962లోనే నిర్ణయించారు. కానీ మగ ఉద్యోగి భార్యాపిల్లలకి వచ్చే వైద్యం ఆడ ఉద్యోగి కుటుంబానికి 2005 దాకా రాలేదు. ఇంటికి పెద్ద మగవాడు కదా, అన్నారు. విదేశంలో పుట్టిన బిడ్డకి తల్లి ద్వారా పౌరసత్వం 2004లో వచ్చింది. పిల్లలు కావాలని ప్రభుత్వానికి మళ్ళీ బెంగ పట్టుకున్నాక ప్రసూతి సెలవు 2004లో 12 వారాలు, 2008లో 16 వారాలు అయింది. ఎప్పుడు ఏది వచ్చిందో వరసగా పెట్టి చూస్తే నాకొకటి స్పష్టంగా కనిపిస్తుంది. చేతులు కావలసివచ్చినప్పుడు తలుపులు వెంటనే తెరిచారు. కుర్చీలు మాత్రం అడిగి, పోట్లాడి, పద్నాలుగేళ్ళు, యాభై ఏళ్ళు కాచుకుంటే ఒక్కొక్కటే వచ్చాయి.

ఇక మా సంగతి. మా అంటే ఐ.టి. అలలో కొట్టుకొచ్చిన తెలుగు ఆడవాళ్ళం. మాకొక పెద్దదిక్కు ఉంది, అయ్యలసోమయాజుల లలిత. పదిహేనేళ్ళకి పెళ్ళి, నాలుగు నెలల పాప చేతిలో ఉండగా వైధవ్యం. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో తండ్రి పప్పు సుబ్బారావు గారు ప్రొఫెసరు, అక్కడే చేర్పించారు. 1940లలో ఎలక్ట్రికల్ ఇంజనీరయింది. పట్టా మీద "అతడు" అని అచ్చయి ఉంటే దాన్ని కొట్టేసి "ఆమె" అని రాసిచ్చారట. భాక్రా నంగల్ కరెంటు లైన్ల పనిలో ఉంది. 1964లో న్యూయార్కులో జరిగిన మహిళా ఇంజనీర్ల తొలి అంతర్జాతీయ సమావేశానికి వెళ్ళింది. ఆవిడ పట్టాలో దిద్దిన ఆ ఒక్క మాట తర్వాత నలభై యాభై ఏళ్ళకి మేము వేలల్లో ఇంజనీర్లమయ్యాం.

అయి, ఇక్కడికి డిపెండెంట్ పాసు మీద వచ్చాం. పాసు పేరే "ఆధారపడిన మనిషి". అప్పట్లో ఆ పాసు మీద ఉన్నవాళ్ళు ఉద్యోగం దొరికితే కంపెనీ ద్వారా ఒక అనుమతి పత్రం తెచ్చుకుంటే చాలు. దానికి కనీస జీతం నియమం లేదు, కోటా లేదు. జురాంగ్ ఈస్ట్ ఇంటర్నేషనల్ బిజినెస్ పార్కులో ఒక కంపెనీకి ఇంటర్వ్యూకి వెళితే నా ప్రోగ్రామింగ్ గురించి రెండు ప్రశ్నలు, పిల్లల్ని ఎప్పుడు కంటావని మూడు ప్రశ్నలు అడిగారు. ఉద్యోగం మాత్రం ఇంకోచోట వచ్చింది. అలా ఎంతమందిమి వచ్చామో, స్కూళ్ళలో, బ్యాంకుల్లో, ల్యాబుల్లో చేరాం.

నేను ఆఫీసుకి వెళ్ళగలిగానంటే మా ఇంట్లో ఆరేళ్ళున్న జావా మనిషి వల్ల. తన పాపని ఊళ్ళో వాళ్ళమ్మ పెంచేది, మా బాబుని తను పెంచింది. అలాంటి వాళ్ళు ఇప్పుడు సింగపూరులో రెండున్నర లక్షలకి పైనే. ఉద్యోగుల చట్టం వాళ్ళకి వర్తించదు. వారానికో సెలవు అన్నదే 2013లో వచ్చింది, అదీ డబ్బిచ్చి మాన్పించుకునే వీలుతో. ఆర్నెల్లకోసారి వైద్యపరీక్ష ఉంటుంది. గర్భం అని తేలితే ఇంటికి పంపేస్తారు. గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్ళే మన ఆడవాళ్ళ బతుకులు తెలిసిన వాళ్ళకి ఇందులో ఆశ్చర్యం ఉండదు. ఆడవాళ్ళు బోర్డుల్లో ఎంతమంది అని లెక్కలు వేసే నివేదికల్లో ఈ రెండున్నర లక్షల మంది ఏ గడిలోకి వస్తారో నేను చాలాసార్లు వెతికాను.

మన సంఘాల సంగతి కూడా ఒక మాట చెప్పాలి. ఏ దేశంలోనైనా సరే, ఉగాదికి పులిహోర కలిపేది, పిల్లలకి పాటలు నేర్పేది, బతుకమ్మలు పేర్చేది ఎవరు, వేదిక మీద శాలువాలు కప్పుకునేది ఎవరు? కాస్త మారుతోంది, కాదనను. శాలువాలు అందించే చేతులు ఇంకా మావే.

2021 మే 1 నుంచి డిపెండెంట్ పాసు నియమం మారింది. ఇప్పుడు అనుమతి పత్రం చాలదు. ఉద్యోగం చేయాలంటే ఆ జీతం హద్దులు, కోటాలు ఉన్న సొంత పాసు తెచ్చుకోవాలి. స్థానికుల ఉద్యోగాలు కాపాడటానికి అన్నారు, ఏ దేశమైనా తన వాళ్ళని చూసుకుంటుంది, తప్పు పట్టను. ఆ నియమంలో ఆడా మగా అన్న మాటే లేదు. కానీ ఆ పాసు మీద వచ్చిన మన వాళ్ళలో భర్తలెందరు, భార్యలెందరు? మా బ్లాకులోనే ఉండే గుంటూరు అమ్మాయి ఒక చిన్న కంపెనీలో అయిదేళ్ళు అకౌంట్స్ చూసింది. అనుమతి గడువు తీరాక కంపెనీ పొడిగించలేకపోయింది. ఉద్యోగంలో ఆడా మగా, పెళ్ళి, గర్భం వంటి తేడాలు చూపకూడదని 2025 జనవరిలో పార్లమెంటు ఒక చట్టం చేసింది. పాతికమందికన్నా తక్కువ ఉన్న కంపెనీలకి ఇప్పట్లో అది వర్తించదు. ఆ అమ్మాయికి దానితో పనే లేదు, ఆమెని ఆపింది పాసు.

కొత్త నియమంలో ఒక మినహాయింపు ఉంది. డిపెండెంట్ పాసు మనిషి ఉద్యోగిగా చేరకూడదు గానీ యజమాని కావచ్చు. కంపెనీలో కనీసం 30 శాతం వాటా ఉండాలి, ఒక స్థానికుడికి నిర్ణయించిన జీతానికి తగ్గకుండా ఉద్యోగం ఇవ్వాలి. అప్పుడు ఆ పాత అనుమతి పత్రమే ఇస్తారు. మొన్న ఆదివారం ఆ కాగితాలన్నీ పట్టుకుని మా ఇంటికొచ్చింది. చిన్న కంపెనీలకి లెక్కలు చూసిపెట్టే సంస్థ పెడుతుందట. భర్త పేరు మీద పెట్టమని అత్తగారు అంటున్నారట. "అక్కా, డైరెక్టరు అన్నచోట నా ఇంటిపేరు పెళ్ళికి ముందుది రాయొచ్చా?" అని అడిగింది. పాస్‌పోర్టులో ఏముందో చూసి రాయాలి, తీసుకురా అన్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఇద్దరం ఫారాలు ముందేసుకున్నాం.